భయమున్నోళ్లే పట్టుకోవాలె

నాకు భయం ఎక్కువ. గొప్పగా చెప్పుకునే సంగతి కాదు గానీ, దాచుకుంటే దాగేదీ కాదు. అబిడ్స్‌లో రోడ్డు దాటాలంటే పక్కన ఇంకెవరైనా దాటేదాకా అలాగే నిలబడతాను. కుక్కర్ మూడో విజిల్‌కి వంటింట్లోంచి బయటికి వచ్చేస్తాను. లిఫ్టులో తోడు లేకపోతే నాలుగంతస్తులూ మెట్లెక్కుతాను. మా అమ్మ దగ్గర్నుంచి మా ఆయన దాకా నన్ను ఆటపట్టించనివాళ్లు లేరు. నా భయాన్ని చూసి నవ్వకుండా, పైగా దానికో పని అప్పజెప్పిన మనిషి ఈ యాభై ఏళ్లలో ఒక్కరే తగిలారు. నాంపల్లిలో మేం కిరాయికున్న ఇంటి ఓనరు. మొన్న ఆదివారం పొద్దున అంకుల్ పోయారని ఫోనొచ్చింది.

అంకుల్ అనే రాస్తాను. అసలు పేరుతో పిలిచినవాళ్లు ఆ సందులోనే తక్కువ. కుర్రాళ్లు చాటుగా ‘డర్ సాబ్’, అంటే భయాల సారు, అనేవాళ్లు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. ‘‘అననీయ్ బిడ్డా, అబద్ధమైతె కదా కోపం రావాలె’’ అనేవారు.

స్టేషన్ వెనక సందులో పాత ఇల్లు అది. ముందు వాకిలి, తర్వాత పొడుగాటి వరండా, వరండా పైన టేకు దూలం, ఆ దూలానికి ఎప్పటివో రెండు ఉయ్యాల కొక్కేలు. వెనక అంకుల్, ఆంటీ ఉంటే పక్క పోర్షన్లో మేము, పైన ఇంకో కుటుంబం. అంకుల్ అబిడ్స్‌లో ఓ కళ్లజోళ్ల షాపులో ఫ్రేములకి అద్దాలు బిగించేవారు. ఆవగింజంత మరని రెండు వేళ్ల మధ్య పట్టి తిప్పే చేతులవి. అలాంటి చేతులు మోటార్‌సైకిల్ ఎత్తేటప్పుడు మాత్రం వణికేవి. ఎంత వణికేవంటే, చూసేవాళ్లకి ఈయన చేత ఈ పని ఎందుకు చేయిస్తున్నారా అనిపించేది.

నిజానికి ఎవరూ చేయించలేదు. ఇప్పటి బళ్లు చాలావాటికి నడిమి స్టాండు ఉండదు, పక్క స్టాండు ఒకటే. చైను కడిగి ఆయిల్ పెట్టాలంటే వెనక చక్రం గాల్లో తిరగాలి. మెకానిక్కు దగ్గర ఇనప స్టాండు ఉంటుంది, ఇళ్లలో ఉండదు. ఇళ్లలో ఏం చేస్తారంటే ఇటికలు పెడతారు, పీటలు పెడతారు, ఒకాయనైతే వాకిట్లో బిందె బోర్లించాడు. అవి చూసి అంకుల్‌కి అన్నం సహించేది కాదట. అందుకని నెలకో ఆదివారం కాంపౌండులోని బళ్లన్నీ ఆయనే వరండాలో ఎత్తించేవారు. అడిగినా, అడక్కపోయినా.

మేం దిగిన కొత్తలో మా బండి వంతు వచ్చింది. నేను తడి బట్టల బకెట్‌తో వాకిట్లోకి వచ్చేసరికి వరండాలో మా ఆయన, పై పోర్షనాయన నిలబడి ఉన్నారు. అంకుల్ ఇద్దర్నీ ఒకే ప్రశ్న అడుగుతున్నారు.

‘‘భయమైతుందా?’’

మా ఆయన నవ్వాడు. ‘‘బండెత్తడానికి భయమేంటంకుల్?’’

‘‘గట్లనా. ఐతె నువ్వు గేటు కాడ నిలవడు తమ్మీ.’’

పై పోర్షనాయన కూడా లేదన్నాడు. అతన్నీ గేటు దగ్గరికి పంపారు. తర్వాత నా వైపు తిరిగారు. ‘‘నీకు బిడ్డా?’’

‘‘నాకు చాలా భయమండీ. నన్ను వదిలేయండి.’’

‘‘బకీట్ ఆడ వెట్టి దా. భయమున్నోళ్లే పట్టుకోవాలె. తాడు పట్కో.’’

గేటు దగ్గర మా ఆయన మొహం చూడాలి. నేను ఆ ముఖం చూసుకుంటూ తాడు పట్టుకున్నాను. భయం పోలేదు గానీ, అబద్ధమెందుకు, కొంచెం గర్వంగా కూడా ఉంది.

ఆయన పద్ధతి ఎప్పుడూ మారేది కాదు. ముందు చేతి ఉంగరం, గడియారం తీసి ఓ ఖాళీ కళ్లజోడు డబ్బాలో పెట్టి మూత వేసేవారు. పక్కనున్నవాళ్లవీ పెట్టించేవారు. తర్వాత వంగి స్క్రూడ్రైవర్ పిడితో నేలంతా కొట్టి చూసేవారు. బండి కింద, మనం నిలబడేచోట, చుట్టూ రెండడుగుల మేర. ‘‘కింద బోలుంటె చప్పుడు చెప్తది’’ అనేవారు. అదే వరండా, అవే బండలు, పోయిన నెల కొట్టినవే. అయినా మళ్లీ కొట్టాల్సిందే. తర్వాత సైకిల్ ట్యూబు ముక్కతో ముందు బ్రేకు బిగించి కట్టేవారు. బండి ముందుకు ఒక్క జానెడు దొర్లినా పక్క స్టాండు మడత పడిపోతుందట. రెండు పక్కలా పాత స్కూటర్ టైర్లు పడుకోబెట్టేవారు. ఉయ్యాల కొక్కెంలోంచి లారీ తాడు దించి, వెనక సీటు కింద కడ్డీకి కట్టి, రెండో కొస నా చేతికి ఇచ్చేవారు. అప్పుడు ఒకరు బండిని పక్క స్టాండు మీదికి వాలిస్తే, అవతలి పక్క ఫ్రేము కింద ఆయన చెక్క దిమ్మె తోసేవారు. వెనక చక్రం నేల విడిచేది.

‘‘తాడు ఎత్తనీకి కాదు బిడ్డా, పడకుంట ఆపనీకి. బరువు దిమ్మె మీదనే ఉండాలె.’’

చక్రం గాల్లో ఉండగా మాటల్లేవు. చైను కడగటం అయి, చక్రం నేలకి ఆనేదాకా చాయ్ కూడా లేదు. ఓసారి ఆంటీ చాయ్ తెచ్చి అక్కడే పావుగంట నిలబడింది. అది చల్లారిపోయింది, ఆంటీ మళ్లీ కాచింది, ఇద్దరూ దాని గురించి ఏమీ అనుకోలేదు.

అన్నిటికన్నా నాకు వింతగా ఉండేది ఒకటుంది. ఎత్తే ముందు నాతో పారిపోవడం ప్రాక్టీసు చేయించేవారు. ‘‘బండి వడ్డదనుకో. ఎటు ఉరుకుతవ్?’’ నేను నీళ్ల డ్రమ్ము వైపు చూపించాలి. చూపిస్తే చాలదు, రెండడుగులు వేయాలి. ‘‘మళ్లొకసారి. ఎన్కకు, ఎన్కకు. చూడకుండ ఉరకాలె. బండి పోతె ఇంకోటొస్తది. పట్కుంట నిలవడొద్దు, ఇడిచిపెట్టాలె.’’ గేటు దగ్గర మా ఆయన, పై పోర్షనాయన పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లు. నేను మాత్రం తాడు వదిలి, చీరకట్టులోనే రెండడుగులు వెనక్కి పరుగెత్తి, మళ్లీ వచ్చి తాడు పట్టుకునేదాన్ని.

ఏటా నాంపల్లిలో పెట్టే ఎగ్జిబిషన్, నుమాయిష్‌కి అందరం కలిసి నడిచే వెళ్లేవాళ్లం. జెయింట్ వీల్ దగ్గరికి రాగానే అంకుల్ దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసేవారు. కింద దిమ్మెలు, బోల్టులు, బిగించిన తీగలు అన్నీ తల వంచి చూసేవారు. ‘‘మంచిగనే వెట్టిండ్రు’’ అని ఒప్పుకునేవారు. ఎక్కమంటే మాత్రం ఎక్కేవారు కాదు. మావాళ్లంతా పైన కేకలు పెడుతుంటే కింద మేమిద్దరమే మిర్చిబజ్జీ తింటూ నిలబడేవాళ్లం. భయపడేవాళ్లకి ఒక తోడు దొరకడం ఎంత సుఖమో నాకు అప్పుడు తెలిసింది.

ఇక అసలు సంగతి రాయాలి. రాయకుండా తప్పించుకుందామని ఇంతసేపూ పక్కదార్లు తొక్కాను.

అది ఎండాకాలం, ఆదివారం పొద్దున. అంకుల్, ఆంటీ ఆవకాయకి కారం, మెంతులు తేవడానికి బేగం బజార్ వెళ్లారు. వరండా నిండా దుప్పటి పరిచి మామిడి ముక్కలు నీడకి ఆరబెట్టి ఉన్నాయి. మా ఆయన మర్నాడు పొద్దున్నే ఆఫీసు పని మీద సంగారెడ్డి వెళ్లాలి, బండి చైను కిర్రుమంటోంది. ‘‘ఆయనొచ్చేదాకా ఆగుదామండీ’’ అన్నాను. ‘‘ఆయనొచ్చి, నేలంతా కొట్టి, నీతో పరుగు పందెం పెట్టేసరికి సాయంత్రమవుతుంది’’ అన్నాడు. పై పోర్షనాయన మెట్ల మీద కూర్చుని పేపరు చదువుతూ నవ్వాడు.

వరండా ఖాళీ లేదు. వాకిలంతా ఎగుడుదిగుడు. సాపుగా ఉన్నది ఒక్కచోటే. సంపు మీద. హైదరాబాద్‌లో ఏ పాత ఇంట్లోనైనా అంతే, వాకిట్లో నేల కింద నీళ్ల సంపు, దాని మీద రెండు షాబాదు బండలు, పక్కన మనిషి దిగే ఇనప మూత. వచ్చేపోయే ప్రతివాళ్లూ ఆ బండల మీంచే నడుస్తారు. కింద మనిషి లోతు నీళ్లున్నాయని ఎవరికీ గుర్తుండదు. ఆ పొద్దున నల్లా వచ్చింది, సంపు నిండా ఉంది.

మా ఆయన బండిని ఆ బండల మీదికి తోసుకొచ్చాడు. చెప్పులు బండ మీద పడగానే డబ్‌మంది. పక్క స్టాండు ఆనగానే ఇంకోరకంగా మోగింది. నాకు వినపడింది. స్పష్టంగా వినపడింది. ఏడాదిన్నరగా నెలనెలా పిడి చప్పుడు విన్నదాన్ని, బోలు చప్పుడేదో గట్టి చప్పుడేదో నా చెవికి తెలియదా? నోరు తెరిచాను.

‘‘మళ్లీ మొదలెట్టకు’’ అన్నాడు.

మెట్ల మీంచి మళ్లీ నవ్వు. నేను నోరు మూసుకున్నాను.

బ్రేకుకి ట్యూబు కట్టలేదు. టైర్లు వేయలేదు. తాడు కట్టడానికి అక్కడ కొక్కెం లేదు. మా ఆయన ఎడమవైపు నుంచి బండిని వాల్చాడు, నేను అవతలి పక్క నుంచి దిమ్మె తోశాను. చక్రం లేచింది. ‘‘చూశావా, రెండు నిమిషాలు’’ అన్నాడు. నన్ను వెనక కడ్డీ పట్టుకోమని, తను స్టాండున్న పక్కనే చైను దగ్గర కూర్చుని బ్రష్షు తీశాడు.

బండ పగిలిన చప్పుడు పెద్దగా ఏమీ రాలేదు. అప్పడం విరిగినంతే. స్టాండు కాలు బండలోంచి దిగిపోయింది. వెంటనే కింద నీళ్లలో రాయి పడిన చప్పుడు. బండి మొత్తం మా ఆయన మీదికి ఒరిగింది. ఎడమ కాలు మోకాలి దాకా పగిలిన ఆ కంతలోకి వెళ్లిపోయింది, తొడ మీద ట్యాంకు. మా ఆయన అరవలేదు, నా వైపు చూశాడంతే. ఆ చూపు ఇప్పటికీ ఒక్కోరోజు అన్నం వడ్డిస్తుంటే గుర్తొస్తుంది, గరిటె ఆగిపోతుంది.

నేను కడ్డీ వదల్లేదు. రెండు చేతులతో పట్టి, వెనక్కి వాలి, నా ఒంటి బరువంతా వేశాను. నీళ్ల డ్రమ్ము నా వెనక రెండడుగుల్లోనే ఉంది. వదిలి ఉరకాలని నేర్పిన మాటలు చెవిలో మోగుతున్నాయి. వదిలితే మిగతా బరువు కూడా మా ఆయన మీద పడుతుంది. నా కాళ్ల కింద రెండో బండ కూడా బోలుదే.

పై పోర్షనాయన పరుగెత్తుకొచ్చాడు. సందులోంచి ఇంకో ముగ్గురొచ్చారు. ‘‘లాగు, లాగు’’ అని నలుగురూ ఒకేసారి బండి మీద చేతులేశారు. అప్పుడే గేటు దగ్గర నుంచి ఒక అరుపు వినిపించింది. అంత గట్టిగా అరిచింది అంకులేనని నాకు ఓ క్షణం తట్టలేదు.

‘‘ఎవ్వలు ముట్టొద్దు! కాలు ఇరుక్కున్నది, లాగితె తెగుతది!’’

చేతి సంచీ అక్కడే జారిపోయింది, ఎర్రటి కారం గేటు దగ్గర కుప్పపడింది. అంకుల్ వచ్చారు, పరుగెత్తలేదు, నడిచే వచ్చారు. వచ్చి ఏం చేశారో చెప్తే మీరు నమ్మరు. జేబులోంచి కళ్లజోడు డబ్బా తీశారు. ఉంగరం తీశారు. గడియారం తీశారు. డబ్బాలో పెట్టి మూత వేశారు. ఇప్పుడా, ఈ మనిషికి ఇప్పుడా ఇది, అని నా లోపల ఎవరో గగ్గోలు పెట్టారు. కానీ ఆ నాలుగు క్షణాల్లో మిగతా నలుగురూ ఆగిపోయారు, అరుపులు ఆగిపోయాయి, వాళ్లు కూడా గడియారాలు విప్పడం మొదలుపెట్టారు.

‘‘తమ్మీ, మాట్లాడు. పాదం కదులుతుందా?’’

‘‘కదులుతోంది అంకుల్.’’

‘‘మంచిది. కదిలించకు.’’

మడమతో రెండో బండ కొట్టి చూశారు. నన్ను తప్ప అందరినీ దాని మీంచి దింపేశారు. గోడకానించిన ఇనప నిచ్చెన తెప్పించి సంపుకి అడ్డంగా, రెండు కొసలూ గట్టి నేల మీద ఆనేట్టు పడుకోబెట్టించారు. నలుగురినీ దాని మీద నిలబడమన్నారు. టైరు ఒకటి హ్యాండిలు కింద దూర్చారు. అప్పుడు నలుగురి ముఖాలూ ఒక్కొక్కటే చూశారు.

‘‘భయమైతుందా?’’

ఎవరూ నవ్వలేదు. ‘‘ఔ’’ అన్నాడు సందులోంచి వచ్చిన ఒకతను. ‘‘ఔ సార్’’ అన్నాడు ఇంకొకతను. పై పోర్షనాయన తల ఊపాడు.

‘‘ఐతె పట్కోండ్రి. నేనన్నప్పుడే లేపాలె, ఆగుమంటె ఆగాలె.’’ తర్వాత నా చెవి దగ్గరికి వచ్చి మెల్లగా అన్నారు. ‘‘బిడ్డా, ఇప్పుడు ఇడువకు.’’

అంగుళం లేపడం, దిమ్మె దూర్చడం. మళ్లీ అంగుళం, మళ్లీ దిమ్మె. దిమ్మెలు దూర్చే ఆ చేతులు గజగజ వణుకుతున్నాయి. ఒకసారి దిమ్మె జారి నీళ్లలో పడింది, ఇంకోటి అడిగి తీసుకున్నారు. ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. మా ఆయన కాలు బయటికొచ్చాక కూడా నా వేళ్లు కడ్డీని వదల్లేదు. అంకులే ఒక్కో వేలు విప్పారు. ఆ రోజు నన్ను బిడ్డా అని మళ్లీ పిలవలేదు, గేటు దగ్గర కారం మీద ఎవరూ జారిపడకుండా మన్ను చల్లడానికి వెళ్లారు.

దవాఖానలో మోకాలి కింద ముందరి ఎముక విరిగిందన్నారు. మూడు నెలలు కట్టు. ఇప్పటికీ చలికాలంలో మా ఆయన కొంచెం కుంటుతూ నడుస్తాడు.

అందరూ వచ్చి చూసి, నీ భార్య ధైర్యవంతురాలు, కడ్డీ వదల్లేదు అని మా ఆయనతో చెప్పి వెళ్లేవాళ్లు. నాకు ఒళ్లంతా చీమలు పాకినట్టుండేది. రెండు వారాలు ఓర్చుకున్నాను. ఓ మధ్యాహ్నం అంకుల్ సంపు మీద కొత్త బండలు వేయించి, పిడితో కొట్టి చూస్తుంటే వెళ్లి పక్కన నిలబడ్డాను.

‘‘అంకుల్, నాకు ముందే వినపడింది. బోలు చప్పుడు. నేను చెప్పలేదు.’’

ఆయన కొట్టడం ఆపారు. తల ఎత్తలేదు.

‘‘నవ్వుతారని చెప్పలేదు’’ అన్నాను. ఏడుపొచ్చేసింది.

ఆయన స్క్రూడ్రైవర్ అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నారు. ‘‘నాక్కూడ ఇనవడ్డది బిడ్డా, ఒకసారి’’ అన్నారు చివరికి. ‘‘నేను సుత చెప్పలే.’’

ఎక్కడ, ఎప్పుడు, ఎవరికి ఏమైంది, అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆంటీని కూడా ఎప్పుడూ అడగలేదు. ఆయన మళ్లీ వంగి బండ కొట్టడం మొదలుపెట్టారు. ‘‘కాలిరిగిన మనిషి ఇంట్ల ఉన్నడు, పో, అన్నం వెట్టు’’ అన్నారు.

తర్వాత ఏడాదికి మేం కూకట్‌పల్లి వెళ్లిపోయాం. పండగలకి ఫోన్లు, ఎప్పుడైనా అబిడ్స్ వస్తే ఓసారి తొంగిచూడటం, అంతే మిగిలింది. మొన్న ఫోను రాగానే ఇద్దరం మెట్రో ఎక్కి నాంపల్లిలో దిగి నడిచాం. సందు మారలేదు. వరండా నిండా చుట్టాలు, నేల మీద ఆంటీ. కొక్కేలు అలాగే ఉన్నాయి.

దవాఖాన నుంచి వ్యాను వచ్చింది. అంకుల్ కొడుకు రాజమండ్రి నుంచి రావాలి, సాయంత్రం దాకా ఉంచాలి కాబట్టి ఫ్రీజర్ బాక్సు తెచ్చారు. ఆరుగురు దించారు. లోపల అంకుల్. వ్యాను డ్రైవరు వాకిలంతా చూసి, ‘‘గీడ పెట్టుండ్రి, సాపుగున్నది, కరెంటు వైరు గూడ అందుతది’’ అన్నాడు. సంపు మీద. వాళ్లు అటే నడిచారు. ముందు ఇద్దరి కాళ్లు బండ మీద పడ్డాయి, నాకు కింద చప్పుడు వినపడింది.

కొత్త బండలే, ఆయన చేత్తో కొట్టి వేయించినవే. అవి ఎన్నేళ్లయినా మోస్తాయో, అప్పటికే ఎక్కడైనా బీటలు వారాయో నాకు తెలియదు. వాకిట్లో నలభై మంది ఉన్నారు, సగం మంది ముఖాలే తెలియవు.

‘‘ఆగండి’’ అన్నాను. ఎవరికీ వినపడలేదు. ఈసారి అరిచాను. ‘‘ఆగండి! అక్కడ పెట్టొద్దు. కింద సంపు ఉంది.’’

అందరూ నా వైపు తిరిగారు. బాక్సు గాల్లో ఆగింది. డ్రైవరు విసుక్కున్నాడు. ‘‘ఏం గాదమ్మా, రోజు పెడ్తనే ఉంటం. ఊకె భయపడుతరేంది?’’

‘‘భయమే. నాకు భయంగా ఉంది కాబట్టే చెప్తున్నాను. వరండాలో పెట్టండి, వైరు నేను తెప్పిస్తాను.’’

ఎవరో చిన్నగా నవ్వినట్టు కూడా అనిపించింది. నేను దారికి అడ్డంగానే నిలబడ్డాను. అప్పుడు మా ఆయన జనంలోంచి కుంటుకుంటూ ముందుకొచ్చాడు. వంగి, జేబులోంచి తాళంచెవి తీసి దాంతో బండ కొట్టాడు. ఒకచోట, పక్కన, ఇంకొంచెం పక్కన. లేచి, ముందు నిలబడ్డ మనిషి భుజం తట్టాడు.

‘‘నాకూ భయంగానే ఉంది. ఆ మూల నాకివ్వండి.’’

వరండాలోని ఆడవాళ్లు లేచి కొక్కేల కింద చోటు చేశారు. మా ఆయన బాక్సు పట్టుకోబోయి ఆగి, చేతి ఉంగరం తీశాడు, గడియారం విప్పాడు. రెండూ అరచేతిలో పట్టుకుని ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూశాడు. అప్పటిదాకా కదలకుండా కూర్చున్న ఆంటీ లేచి లోపలికెళ్లింది, కళ్లజోడు డబ్బా తెచ్చి, మూత తెరిచి మా ఆయన ముందు పట్టుకుంది.